ఈసీఎమ్ మార్చాక బండి స్టార్ట్ కాకపోతే: ముందు పాత డబ్బా దాచండి

వేరే ఈసీఎమ్ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్ డబ్బా) బిగించారు. తాళం తిప్పారు. సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. మీరు ఇప్పుడు ఈ స్థితిలో ఉంటే మొట్టమొదట ఒక్క పని చేయండి. విప్పిన పాత ఈసీఎమ్ ఎక్కడుందో చూసి, ఒక కవర్లో పెట్టి ఇంట్లో దాచండి. షాపులో ఎక్స్చేంజ్ కింద ఇచ్చేసి ఉంటే ఈ రోజే వెళ్ళి వెనక్కి తెచ్చుకోండి. మిగతా పరీక్షలన్నీ రేపు చేసుకోవచ్చు. పాత డబ్బా మాత్రం రేపటికి అక్కడ ఉండకపోవచ్చు. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

నేను చెన్నై పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీలో వైరింగ్ పని చేసి రిటైరయ్యాను. కార్ల మెకానిక్‌ని కాను. కానీ కరెంటు తీగ రైలు పెట్టెలో ఉన్నా కారులో ఉన్నా దాని స్వభావం ఒకటే, దాన్ని వెతికే పద్ధతీ ఒకటే. ఇక్కడ రాసినవన్నీ మా అమ్మాయి కారు మీద ఒక వారం పాటు కూర్చుని చేసినవి.

2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వానకు పళ్ళికరణైలో మా అమ్మాయి వాళ్ళ అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లోకి నీళ్ళొచ్చాయి. అదే తుపాను మర్నాడు బాపట్ల దగ్గర తీరం దాటింది. మా సొంతూరు అటువైపే. ఆ రెండు రోజులూ ఇక్కడ కారు, అక్కడ మా తమ్ముడి వరి పనలు, రెండింటి గురించీ ఫోన్లే ఫోన్లు. కారు 2013 మోడల్ పెట్రోలు బండి. నీళ్ళు సీటు అంచు దాకా వచ్చాయి. దానిలో ఈసీఎమ్ ఎడమవైపు ముందు సీటు కాళ్ళ దగ్గర, డాష్‌బోర్డు కింద ఉంటుంది. అంతా విప్పి ఆరబెట్టించాక బండి ఐదు వారాలు బాగానే నడిచింది. సంక్రాంతికి ఊరెళ్దామని సంచులు సర్దుకుంటుండగా, జనవరి 11న ఆగిపోయింది.

బండి లోపాలను కోడ్‌లుగా చదివే స్కానర్ పెడితే యూ0100 అనే కోడ్ వచ్చింది. బండిలోని మిగతా డబ్బాలకు ఈసీఎమ్ పలకడం లేదని దాని అర్థం. ఆ ఒక్క కోడ్ చూసి ఈసీఎమ్ పోయిందని చెప్పకూడదు. దానికి కరెంటు అందకపోయినా అదే కోడ్ వస్తుంది. మా దాన్ని విప్పి మూత తీసి చూస్తే లోపల బోర్డు ఒక మూల పచ్చగా చిలుము పట్టి ఉంది. కాబట్టి మార్చాల్సిందే అనుకున్నాను. చెన్నైలో పాత బండ్ల సామాను అమ్మే పుదుపేటలో చూడ్డానికి అచ్చం అలాగే ఉన్న సెకండ్ హ్యాండ్ డబ్బా ఒకటి 6,500 రూపాయలకు దొరికింది. మాది అక్కడే ఇచ్చేస్తే 1,000 తగ్గిస్తామన్నారు. ఇచ్చేశాను. ఈ వారం మొత్తంలో నేను చేసిన పెద్ద తప్పు అదే.

ముందు ఏ రకం జబ్బో తేల్చుకోండి

"స్టార్ట్ కావట్లేదు" అనే మాటలో మూడు వేర్వేరు జబ్బులున్నాయి. సెల్ఫ్ అసలు తిరగకపోవడం ఒకటి. అప్పుడు బ్యాటరీ, దాని క్లాంపులు, సెల్ఫ్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్) చూడాలి. ఆటోమేటిక్ గేరు బండైతే లీవరు పార్కులో ఉన్న సంగతి బండికి తెలుస్తోందో లేదో చూడాలి. సెల్ఫ్ తిరుగుతున్నా ఇంజిన్ అందుకోకపోవడం రెండోది. అందుకొని, ఒకటి రెండు సెకన్లు నడిచి ఠక్కున ఆగిపోవడం మూడోది. ఈసీఎమ్ మార్చిన వెంటనే మూడోది కనిపిస్తే ముందుగా ఇమ్మొబిలైజర్‌నే (దొంగ తాళంతో బండి నడవకుండా ఆపే ఏర్పాటు) అనుమానించండి. మాది రెండోది. దీనికి కారణాలు ఎక్కువ, అందుకే ఓపిక కావాలి.

బ్యాటరీ

ఈసీఎమ్ మార్చేటప్పుడు అందరం తాళం పదేపదే ఆన్ చేస్తాం, సెల్ఫ్ కొట్టి కొట్టి చూస్తాం. బ్యాటరీ దిగిపోతుంది. మల్టీమీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు. 12.2 అంటే సగానికి వచ్చినట్టు. మాది రెండో రోజు సాయంత్రానికి 11.9. అలాంటి బ్యాటరీతో ఏ పరీక్ష చేసినా తప్పుదారే పడతాం. సెల్ఫ్ కొట్టినప్పుడు వోల్టేజీ మరీ పడిపోతే ఈసీఎమ్ మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. మంచి ఈసీఎమ్ కూడా చెడిపోయినట్టు కనిపిస్తుంది. సెల్ఫ్ తిరుగుతుండగా మీటరులో 9.6 కంటే కిందికి పోకూడదు. పోతే ముందు చార్జింగ్ పెట్టించండి. ఒక్కసారికి పది సెకన్లకు మించి సెల్ఫ్ కొట్టకండి, మధ్యలో కనీసం అర నిమిషం ఆగండి.

ఒక మాట. ఈసీఎమ్ కప్లర్ (తీగలన్నీ కలిసి వచ్చే ప్లగ్గు) పీకేముందు తాళం తీసి, కొన్ని నిమిషాలు ఆగి, బ్యాటరీ నెగటివ్ తీగ విప్పండి. తాళం ఆన్‌లో ఉండగా కప్లర్ పీకడం, పెట్టడం మంచి డబ్బాను చేతులారా చంపుకోవడమే.

తాళం ఆన్ చేసి, సెల్ఫ్ కొట్టకుండా

తాళం ఆన్ దాకా తిప్పి ఆపండి. రెండు చూడాలి, ఒకటి వినాలి.

మీటర్ బోర్డులో చెక్ ఇంజిన్ దీపం వెలిగిందా? వెలిగితే ఈసీఎమ్‌కు కరెంటు అందుతోంది, అది మేలుకుంది అని చాలా బండ్లలో అర్థం. అసలు వెలగకపోతే డబ్బాను అనుమానించే ముందు ఫ్యూజులు, మెయిన్ రిలే, ఎర్త్ చూడాలి.

వినాల్సింది పెట్రోలు పంపు శబ్దం. వెనక సీటు దగ్గర ఒకరిని చెవి పెట్టి కూర్చోమనండి. తాళం ఆన్ కాగానే రెండు మూడు సెకన్ల పాటు సన్నగా "జుయ్"మని వినబడి ఆగిపోతుంది. పంపు రిలేని లాగేది ఈసీఎమ్మే కాబట్టి ఆ శబ్దం వస్తే ఈసీఎమ్ సగం పని చేస్తున్నట్టే.

చూడాల్సిన రెండోది తాళంచెవి గుర్తో, కారు లోపల తాళం గుర్తో ఉండే చిన్న దీపం. మామూలుగా అది ఒకసారి వెలిగి ఆరిపోవాలి. "నాన్నా, ఇదేదో మిణుకు మిణుకుమంటోంది" అని మా అమ్మాయి మొదటి రోజే చెప్పింది. నా ధ్యాసంతా తీగల మీదే ఉంది. "ఉండమ్మా, ముందు ఎర్త్ చూడనీ" అన్నాను. ఆ రోజే ఆ మాట విని ఉంటే రెండు రోజులు మిగిలేవి. అయితే ఎర్త్ చూడటం కూడా వృథా పోలేదు.

కరెంటు, ఎర్త్

ఇక్కడ తొందరపడకండి. నీళ్ళలో మునిగిన బండికైతే మరీ ముఖ్యం.

ఈసీఎమ్‌కు కరెంటు సాధారణంగా మూడు దారుల్లో వస్తుంది. బ్యాటరీ నుంచి ఎప్పుడూ ఉండేది ఒకటి, తాళం ఆన్ చేస్తే వచ్చేది ఒకటి, మెయిన్ రిలే ద్వారా వచ్చేది మరొకటి. తాళం కరెంటు రాగానే ఈసీఎమ్ లోపలి నుంచి మెయిన్ రిలే కాయిల్‌ను ఎర్త్ చేస్తుంది, రిలే పడుతుంది, అసలు కరెంటు వస్తుంది. అంటే రిలే పడకపోతే తప్పు రిలేదీ కావచ్చు, ఈసీఎమ్‌దీ కావచ్చు, మధ్య తీగదీ కావచ్చు. అదే కొలతవి ఉంటే పక్కన ఉన్న హారన్ రిలేతో మార్చి చూడటం అర నిమిషం పని.

ఇప్పుడు మీటరుతో ఒక చిక్కు. పది పోగుల తీగలో తొమ్మిది తెగి ఒకటే మిగిలినా మీటరు 12 వోల్టులు చూపిస్తుంది. మీటరుకు కరెంటు దాదాపు అక్కర్లేదు కాబట్టి ఆ ఒక్క పోగే చాలు. ఈసీఎమ్‌కు అది చాలదు. మేం ఫ్యాక్టరీలో చేసే పద్ధతి ఏమిటంటే, తీగ చివర బల్బు పెట్టి వెలిగించి చూడటం. కప్లర్ పీకి, కరెంటు వచ్చే పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య 21 వాట్ల ఇండికేటర్ బల్బు పెట్టండి. తెల్లగా, గట్టిగా వెలగాలి. ఎర్రగా మినుకుమంటే ఆ దారిలో ఎక్కడో తీగ పాడైనట్టు. మెయిన్ రిలే నుంచి వచ్చే పిన్ను దగ్గర ఒకటి గుర్తుంచుకోండి. ఈసీఎమ్ లేనప్పుడు రిలే పడదు కాబట్టి ఆ పిన్నుకు కరెంటు రాదు. రిలే సాకెట్‌లో 30, 87 నంబర్లను చిన్న తీగతో కలిపి చూడాలి. ఈ బల్బు పరీక్ష కరెంటు తీగలకూ ఎర్త్ తీగలకూ మాత్రమే. సెన్సారు తీగల మీద పొరపాటున కూడా బల్బు పెట్టకండి, ఈసీఎమ్ లోపల కాలిపోతుంది. ఏ పిన్ను ఏదో మీ బండి వైరింగ్ డయాగ్రమ్ చూసి తెలుసుకోవాలి తప్ప ఊహించకూడదు.

ఎర్త్‌కు ఇంకో పరీక్ష ఉంది. కప్లర్ పెట్టే ఉంచి, మీటరు నల్ల తీగ బ్యాటరీ నెగటివ్ మీద, ఎర్ర తీగ ఈసీఎమ్ ఎర్త్ పిన్ను వెనక సన్నని సూదితో పెట్టి, ఒకరిని సెల్ఫ్ కొట్టమనండి. 0.1 వోల్టు దగ్గర ఉంటే మంచిది. 0.2 దాటితే ఎర్త్ బాగాలేదు. మాది 0.8 చూపించింది. సెల్ఫ్ కొడుతుంటే రిలే టకటకమని కొట్టుకుంటోంది, చెక్ ఇంజిన్ దీపం ఆరి వెలుగుతోంది. వెతికితే ఎడమ తలుపు పక్కన కార్పెట్ కింద బాడీ ఎర్త్ బోల్టు తుప్పు పట్టి ఉంది. విప్పి, బాడీ రేకు మెరిసేదాకా గీకి, తీగ చివర కన్ను కూడా శుభ్రం చేసి, గట్టిగా బిగించి, పైన వాసెలిన్ రాశాను. తర్వాత 0.05. రిలే కొట్టుకోవడం ఆగింది.

కానీ ఇంజిన్ అందుకోలేదు. ఒక బండిలో ఒకే తప్పు ఉండాలని లేదు. మొదటిది దొరకగానే పని అయిపోయిందని అనుకోకూడదు, దొరికిన మొదటిది అసలుది కాదని దాన్ని వదిలేయనూ కూడదు. ఆ ఎర్త్ అలాగే వదిలేసి ఉంటే తర్వాత తెచ్చిన డబ్బా కూడా ఇబ్బంది పెట్టేది.

కప్లర్ పిన్నులు టార్చి వేసి ఒక్కొక్కటే చూడండి. వంగినది, లోపలికి జారినది, చిలుము పట్టినది. చిలుము ఉంటే ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ కొట్టి మెత్తని బ్రష్‌తో రుద్దండి, ఉప్పు కాగితం వాడకండి. మీటరు లావు సూదిని ఆడ పిన్నులోకి గుచ్చితే అది వెడల్పయి తర్వాత పట్టు ఉండదు. ఇలా గుచ్చి గుచ్చి కొత్త తప్పులు పుట్టించిన బండ్లు నేను చూశాను.

లేబుల్ మీద నంబరు

పండక్కి షాపులన్నీ మూసేశారు. కనుమ రోజు పార్కింగ్‌లో కూర్చుని, డబ్బా కొన్న రోజు ఫోన్లో తీసిన ఫోటోలు తీరిగ్గా చూస్తుంటే కనబడింది. పాత డబ్బా లేబుల్ మీది నంబరుకీ కొత్తదాని నంబరుకీ చివరి రెండు అంకెలు వేరు. డబ్బా ఒకటే, కప్లర్ ఒకటే, తయారుచేసిన కంపెనీ ఒకటే. అయినా లోపలి ప్రోగ్రాం వేరు కావచ్చు. ఒకే మోడల్ కారులో మాన్యువల్ గేరుకు ఒకటి, ఆటోమేటిక్‌కు ఒకటి, సీఎన్‌జీకి ఒకటి, బీఎస్-3 (పొగ కాలుష్య నియమం) బండికి ఒకటి, బీఎస్-4కి ఒకటి ఉంటాయి. మెట్రో నగరాల్లో బీఎస్-4 2010లోనే వచ్చింది, దేశమంతటా తప్పనిసరి అయింది 2017 ఏప్రిల్‌లో. కాబట్టి ఆ మధ్య ఏళ్ళలో ఒకే సంవత్సరం ఒకే మోడల్ బండ్లు రెండు రకాలుగా అమ్ముడయ్యాయి. పాత సామాను కొనేటప్పుడు ఏడాది, మోడల్ చూసి తీసుకోవద్దు. లేబుల్ మీది ప్రతి అంకె, ప్రతి అక్షరం కలవాలి. బిల్లు కూడా తీసుకోండి.

స్కానర్‌లో ఏం చూడాలి

వేరే డబ్బా పెట్టాక స్కానర్ దానితో మాట్లాడుతోందా అన్నది మొదటి ప్రశ్న. స్టీరింగ్ కింద స్కానర్ పెట్టడానికి ఉండే 16 పిన్నుల ఓబీడీ సాకెట్‌లో 16వ పిన్నుకు బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నులకు ఎర్త్ ఉండాలి. అవి లేకపోతే స్కానరే వెలగదు, తప్పు ఈసీఎమ్ మీద పడుతుంది. క్యాన్ లైను (డబ్బాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు తీగలు) ఉన్న బండైతే బ్యాటరీ విప్పి 6, 14 పిన్నుల మధ్య ఓములు కొలవండి. 60 దగ్గర ఉంటే లైను బాగుంది. 120 చూపిస్తే రెండు చివరల్లో ఒకటి తెగి ఉంది. చాలా బండ్లలో ఆ చివరల్లో ఒకటి ఈసీఎమ్ లోపలే ఉంటుంది. సున్నా దగ్గర ఉంటే తీగలు రెండూ ఎక్కడో కలిసిపోయాయి.

మాట్లాడుతుంటే లైవ్ డేటా తెరవండి. సెల్ఫ్ కొడుతుండగా ఇంజిన్ తిరిగే వేగం నిమిషానికి 150 నుంచి 250 చుట్ల దాకా చూపించాలి. సెల్ఫ్ తిరుగుతున్నా అక్కడ సున్నా ఉంటే క్రాంక్ సెన్సారు (ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎమ్‌కు చెప్పేది) గానీ దాని తీగ గానీ చూడాలి. పీ0335 కోడ్ కూడా రావచ్చు. తెల్లవారుజామున, బండి రాత్రంతా నిలబడి ఉన్నాక, కూలెంట్ వేడి, లోపలికి పోయే గాలి వేడి రెండూ దాదాపు ఒకటే ఉండాలి. మాకు ఆ రోజు రెండూ 25, 26 డిగ్రీలు. అక్కడ మైనస్ 40 అని కనిపిస్తే మద్రాసులో మంచు పడినట్టు కాదు, ఆ సెన్సారు తీగ తెగినట్టు. ఇలా ఒక్కో అంకెను బయటి సంగతితో పోల్చి చూస్తే ఈసీఎమ్ సరిగ్గా చూస్తోందో లేదో తెలిసిపోతుంది.

సెన్సార్లకు ఈసీఎమ్ ఇచ్చే 5 వోల్టులు కూడా ఒకసారి కొలవండి. రాకపోతే సెన్సారు కప్లర్లు ఒక్కొక్కటే పీకుతూ మీటరు చూడండి. ఒకటి పీకగానే 5 తిరిగి వచ్చిందంటే ఆ సెన్సారే కరెంటును లాగేస్తోంది. నీళ్ళు తాగిన బండ్లలో ఇది జరుగుతుంది, నింద ఈసీఎమ్ మీద పడుతుంది.

మాకు ఇవన్నీ బాగున్నాయి. ఇంజెక్టర్లకు మాత్రం ఆజ్ఞ రావడం లేదు. ఇంజెక్టర్ కప్లర్‌లో పెట్టే చిన్న నాయిడ్ ల్యాంప్ దొరుకుతుంది. సెల్ఫ్ కొడితే అది మిణుకుమనాలి. మాది చీకటిగానే ఉండిపోయింది. ఇంజిన్ తిరుగుతోందని ఈసీఎమ్‌కు తెలుసు, పంపు తోలింది, పెట్రోలు మాత్రం ఇవ్వడం లేదు. ఇవ్వలేక కాదు, ఇవ్వకూడదని. అప్పుడు నాకు మా అమ్మాయి చెప్పిన దీపం గుర్తొచ్చింది.

ఇమ్మొబిలైజర్

మీ తాళంచెవి ప్లాస్టిక్ తలలో చిన్న చిప్పు ఉంటుంది. దానికి బ్యాటరీ లేదు. తాళం పెట్టే రంధ్రం చుట్టూ కంకణంలా ఒక తీగచుట్ట ఉంటుంది. మీరు తాళం ఆన్ చేయగానే ఆ చుట్ట నుంచి సాధారణంగా 125 కిలోహెర్ట్జ్ తరంగం వస్తుంది, ఆ శక్తితోనే చిప్పు మేలుకుని తన గుర్తు చెబుతుంది. ఇమ్మొబిలైజర్ డబ్బా ఆ గుర్తు తనదేనని నమ్మాక ఈసీఎమ్‌తో ఒక రహస్య సంఖ్య ఇచ్చిపుచ్చుకుంటుంది. సంఖ్య కలిస్తేనే ఈసీఎమ్ పెట్రోలు వదులుతుంది. కొన్ని బండ్లలో ఈ ఇమ్మొబిలైజర్ మీటర్ బోర్డులోనే ఉంటుంది, కొన్నింటిలో బాడీ కంట్రోల్ డబ్బాలో.

ఆ రహస్య సంఖ్య ఈసీఎమ్ లోపల చిన్న మెమరీ చిప్పులో రాసి ఉంటుంది. పుదుపేటలో కొన్న డబ్బా వేరే కారు నుంచి వచ్చింది. దాని సంఖ్య ఆ కారుది. మా కారు తాళం చెప్పే మాట దానికి అర్థం కాదు, దొంగ తాళం అనుకుంటుంది. డబ్బాలో లోపం లేదు, అది తన పని తాను చేస్తోంది.

తాళంచెవిదో చుట్టదో తప్పా, ఈసీఎమ్‌దా అని తేల్చడానికి రెండో తాళంచెవితో చూడండి. గుత్తిలో ఇంకో కారు తాళం ఉంటే తీసేయండి, రెండు చిప్పులు దగ్గరుంటే గందరగోళం అవుతుంది. ఈసీఎమ్ మార్చకముందు ఆ దీపం మామూలుగా ఆరిపోయేదా అని గుర్తు తెచ్చుకోండి. మాది ఆరిపోయేది, మార్చిన రోజు నుంచే మిణుకుమంటోంది. ఇమ్మొబిలైజర్‌కు సంబంధించిన కోడ్‌లు ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటాయి. పీ0513, పీ0633 అందరికీ ఉమ్మడివి.

దీనికి దారులు నాలుగు. పూర్తిగా కొత్త ఈసీఎమ్ కొని, కంపెనీ సర్వీస్ సెంటర్‌లో వాళ్ళ స్కానర్‌తో జత చేయించడం ఒకటి. ఆర్సీ పట్టుకెళ్ళాలి, బండి ఎత్తి తీసుకెళ్ళాలి, ఖర్చు ఎక్కువ, కానీ చిక్కు లేని దారి. డబ్బు ఉన్నవాళ్ళకు నేను ఇదే చెబుతాను. వేరే కారు నుంచి తీసిన డబ్బా పెట్టాలంటే ఆ కారు ఇమ్మొబిలైజర్, తాళంచెవి చిప్పుతో సహా మొత్తం సెట్టు కొనడం రెండోది. పాత ఈసీఎమ్‌లోని సమాచారాన్ని తీసి కొత్తదాంట్లో రాయడం మూడోది. దీన్ని క్లోనింగ్ అంటారు. ఇమ్మొబిలైజర్‌నే పని చేయకుండా చేసేయడం నాలుగోది. "ఇమ్మో ఆఫ్ చేసేద్దాం సార్, పది నిమిషాల పని" అని నాకూ ఒకరు చెప్పారు. వద్దన్నాను. రాత్రంతా వీధిలో నిలబడే బండికి ఉన్న ఒక్క కాపలా తీసేయడం నాకు ఇష్టం లేదు. దొంగతనం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్ళు అడిగినప్పుడు చెప్పడానికి సమాధానమూ ఉండదు.

మాకు మూడో దారే కుదిరేది. దానికి పాత డబ్బా కావాలి.

గోనెసంచి

18న షాపు తెరవగానే వెళ్ళాను. పండగ నాలుగు రోజులూ సరిగ్గా నిద్ర పట్టలేదు. "అవన్నీ తుక్కుకు మూటకట్టాం సార్, వెతుక్కుంటే వెతుక్కోండి" అని తమిళంలో అన్నాడు కౌంటర్‌లో కుర్రాడు. గోనెసంచిలో నలభై దాకా డబ్బాలు, అన్నీ ఒకే రంగు, ఒకే దుమ్ము. కోచ్ ఫ్యాక్టరీలో విప్పిన ప్రతి వస్తువు మీద నంబరు రాయడం మాకు అలవాటు. మా డబ్బా విప్పిన రోజే దాని మీద తెల్ల పెయింట్ పెన్నుతో కారు నంబరు చివరి నాలుగు అంకెలు రాశాను. పదిహేను నిమిషాల్లో దొరికింది. ఆ నాలుగు అంకెలు లేకపోతే దొరికేది కాదు. మీరు ఏది విప్పినా దాని మీద నంబరు రాయండి. తగ్గించిన 1,000 తిరిగి ఇచ్చేసి, తప్పు నంబరు డబ్బా వాపసు ఇచ్చి, అంకెలన్నీ కలిసే ఇంకోటి తీసుకున్నాను. దానికి సంచి అడుగు దాకా వెతకాల్సి వచ్చింది.

క్లోనింగ్ చేసేది మా అయనావరం వైపు ఒక ఆటో ఎలక్ట్రీషియన్. నెల్లూరు జిల్లా కుర్రాడు, తెలుగు వినగానే "రండి సార్, కూర్చోండి" అని స్టూలు వేశాడు. పాత బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, ఎనిమిది కాళ్ళ మెమరీ చిప్పు వెతికాడు. చిలుము ఆ మూలకు చేరలేదు. చదవడం మొదలుపెట్టేముందు నేను ఒక్కటే అడిగాను. "బాబూ, రెండింటిలోదీ ముందు కాపీ తీసి పెట్టు, ఆ తర్వాతే రాయి." అతను అదే చేయబోతున్నాడు. మంచి పనివాడు అలాగే చేస్తాడు. మీరు వెళ్ళిన చోట కాపీ తీయకుండా నేరుగా రాస్తానంటే ఇంకో చోటు చూసుకోండి. పాతదాన్ని రెండుసార్లు చదివి రెండూ అక్షరం తేడా లేకుండా ఉన్నాయని చూపించాడు. ఒకసారి చదివినదాన్నే నమ్మకూడదు, చిలుము పట్టిన చిప్పు తప్పులు చెప్పవచ్చు. తర్వాత కొత్తదాంట్లో రాశాడు. 3,500 తీసుకున్నాడు. ఆ ఫైలు నా పెన్‌డ్రైవ్‌లో కూడా వేసి ఇచ్చాడు.

డీజిల్ బండి వాళ్ళకు ఒక మాట. ఇప్పటి కామన్ రెయిల్ డీజిళ్ళలో చాలావాటికి ప్రతి ఇంజెక్టర్ పైన ఒక కోడ్ అచ్చు వేసి ఉంటుంది, దాన్ని ఈసీఎమ్‌లో ఎక్కించాలి. క్లోనింగ్ అయితే అది కూడా వచ్చేస్తుంది. కొత్త ఈసీఎమ్ అయితే మెకానిక్‌ను అడిగి రాయించండి.

స్టార్ట్ అయ్యాక

జనవరి 20, శనివారం ఉదయం. బ్యాటరీ నిండుగా చార్జ్ చేసి, నెగటివ్ తీగ చివర్లో పెట్టి, తాళం ఆన్ చేశాను. తాళంచెవి దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది. మా అమ్మాయి పక్కన నిలబడి "నాన్నా, ఆరింది!" అంది. సెల్ఫ్ కొడితే రెండో తిరుగుడుకే అందుకుంది.

అందుకున్న వెంటనే యాక్సిలరేటర్ తొక్కకండి. వేరే ఈసీఎమ్‌కు ఈ ఇంజిన్ థ్రాటిల్ ఎంత తెరిస్తే ఎలా నడుస్తుందో తెలియదు, నేర్చుకోవాలి. ఏసీ, లైట్లు ఆపి, రేడియేటర్ ఫ్యాన్ ఒకటి రెండుసార్లు తిరిగి ఆగేదాకా ఊరికే నడవనివ్వండి. ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కనప్పటి ఇంజిన్ వేగం) ఎక్కుతూ దిగుతూ ఉంటే కంగారు పడకండి. అప్పటికీ కుదురుకోకపోతే స్కానర్‌తో థ్రాటిల్ లెర్నింగ్ చేయించాలి. కోడ్‌లన్నీ చెరిపేసి, ఒక రోజు నడిపి, మళ్ళీ చదవండి. పాతవి ఎలాగూ ఉంటాయి, తిరిగి వచ్చినవే అసలువి.

ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు ఆపి, పది నిమిషాలకు మళ్ళీ స్టార్ట్ చేసి చూడండి. చల్లగా బాగుండి వేడెక్కాక మొరాయించే తప్పులు ఈసీఎమ్ బోర్డులోనూ, క్రాంక్ సెన్సారులోనూ ఉంటాయి. ఇంటి దగ్గర తెలిస్తే మంచిది, హైవే మీద తెలిస్తే కష్టం. మేం 26న ఊరికి బయల్దేరాం. సుమారు 350 కిలోమీటర్లు. నాయుడుపేట దగ్గర టీకి, ఒంగోలులో భోజనానికి, రెండు చోట్లా ఇంజిన్ ఆపి వేడి మీదే స్టార్ట్ చేసి చూశాను. డిక్కీలో ఒక మెయిన్ రిలే, నాలుగు ఫ్యూజులు, మల్టీమీటరు, కవర్లో చుట్టిన పాత డబ్బా పెట్టుకున్నాం. తిరిగొచ్చాక ఆ ఎర్త్ బోల్టు మళ్ళీ ఒకసారి బిగించి, సెల్ఫ్ కొట్టి కొలిచాను. 0.05 దగ్గరే ఉంది.